మంగళవారం అమ్మలం



మిరపలో నల్ల తామర పురుగు గురించి రెండో భాగం రాస్తానని పోయిన వారం చెప్పాను. అది వచ్చే వారం రాస్తాను. ఈసారి వేరే సంగతి.

మొన్న కల్లంలో కాయలు ఆరబోసిన ఫోటో పెట్టాను కదా. అందులో వెనకాల వేపచెట్టు కింద కుర్చీలో మా అమ్మాయి కూడా పడింది. చాలామంది కాయ రంగు బాగుందన్నారు, తాలు తక్కువుందన్నారు. ఒక చెల్లెలు మాత్రం విడిగా మెసేజ్ పెట్టింది. "అక్కా, ఆ కుర్చీలో ఉన్నది మీ పాపేనా? నాకూ అలాంటి బాబు ఉన్నాడు. మూడేళ్ళు. ఇంకా మెడ నిలవలేదు. మీరు పొలం పనీ పాపనీ ఎలా చూసుకుంటున్నారు? మీకు తోడు ఎవరు?" అని.

రెండు ముక్కలు జవాబు ఇచ్చాను గానీ నాకు తృప్తి కలగలేదు. "తోడు ఎవరు" అన్నదానికి రెండు ముక్కల్లో జవాబు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నా. ఆ చెల్లెలిలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది ఈ పేజీ చూస్తూ గమ్మున ఉన్నారో.

మా అమ్మాయిని ఇంట్లో బుజ్జి అంటాం. 2001లో పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. కాన్పు చాలా ఆలస్యమైంది, బిడ్డకు గాలి అందలేదు, మెదడుకు దెబ్బ తగిలింది. సెరిబ్రల్ పాల్సీ అంటారు. ఈ మాట మాకు తెలియడానికే రెండేళ్ళు పట్టింది. ఈలోపు తాయెత్తులు, పసరు మందులు, మొక్కులు అన్నీ అయినయ్యి. మాది మేనరికం కాదు, అయినా మేనరికం వల్లే అన్నారు. గ్రహణం నాడు బయటికి వచ్చుంటానన్నారు. మా అత్తమ్మ ఒక్కతే, "దాన్నేం అడగొద్దు, కడుపున పుట్టినదాన్ని పారేసుకుంటామా" అని నోళ్ళు మూయించేది. ఆవిడ పోయి పదేళ్ళు దాటింది.

ఆ మొదటి పదేళ్ళ గురించి ఎక్కువ రాయను. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. పోతే బుజ్జిని చూసి "అయ్యో" అనే వాళ్ళు, పోకపోతే "ఇంకా ఎన్నాళ్ళు దాచుకుంటారు" అనే వాళ్ళు. ఆ "అయ్యో" అన్న మాట తేలిక కాదండీ. అన్నవాళ్ళు అనేసి భోజనాల బంతికి పోతారు, మనం ఇంటికి మోసుకొస్తాం.

బుజ్జికి పదేళ్ళు వచ్చాక మండల కేంద్రంలో భవిత సెంటర్ పెట్టారని స్కూల్ మాస్టారు చెప్పాడు. బడికి పోలేని పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన సెంటర్. ఐఈఆర్‌టీ టీచర్లు ఉంటారు, వారానికి ఒకరోజు ఫిజియోథెరపీ డాక్టరు వస్తాడు. మాకు మంగళవారం. మా ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలో. పదేళ్ళ పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కితే, మూడు చక్రాల మీద నేను కూర్చున్నానో నా మీద ఆటో కూర్చుందో తెలిసేది కాదు.

అక్కడ వరండాలో నాలాగే నలుగురు తల్లులు కూర్చుని ఉన్నారు. నిజం చెప్తున్నా, మొదటి రోజు ఎవరూ ఎవరి కష్టమూ అడగలేదు. ఏడుపులు లేవు, ఓదార్పులు లేవు. నేను పోయి గోడకు ఆనుకుని కూర్చోగానే, పక్కనున్న ఆమె బుజ్జి పొట్ట మీద చెయ్యేసి, "దొడ్డికి పోయి ఎన్ని రోజులైంది?" అని అడిగింది. నాలుగు రోజులు అన్నాను. "మా వోడికీ అంతే. రాత్రి నాలుగు ఎండు ద్రాక్ష నానబెట్టి పొద్దున పిసికి ఆ నీళ్ళు పట్టియ్యి, పొట్ట మీద ఇట్టా గడియారం తిరిగినట్టు రాయి" అని చేసి చూపించింది. నా బిడ్డను ముట్టుకోవడానికి మొహం చిట్లించని మనిషిని మా ఇంటి బయట చూడటం నాకు అదే మొదలు.

ఆమె పండు వాళ్ళమ్మ.

మేం ఒకరి పేర్లు ఒకరికి తెలియకుండానే మూడు నాలుగేళ్ళు గడిపాం అంటే నవ్వొస్తుంది. పండు వాళ్ళమ్మ, మున్నా వాళ్ళమ్మ, చిన్నోడి వాళ్ళమ్మ, చిట్టి వాళ్ళమ్మ, బుజ్జి వాళ్ళమ్మ. ఫోన్లలో కూడా అట్లాగే నంబర్లు వేసుకున్నాం. ఆధార్ కార్డులు జిరాక్స్ తీయించేటప్పుడు చూసుకున్నాం అసలు పేర్లు. "ఓసి, నీ పేరు ఇదా!" అని ఒకటే నవ్వు.

అయిదుగురం అయిదు రకాలు. పండు వాళ్ళమ్మ కూలికి పోయేది, సొంత భూమి లేదు. మున్నా వాళ్ళమ్మ మండల కేంద్రంలోనే ఇంట్లో మిషను కుట్టిద్ది. చిన్నోడి వాళ్ళమ్మది బస్టాండు దగ్గర టిఫిన్ బండి. చిట్టి వాళ్ళమ్మకు ఆరెకరాల మాగాణి. నాకు రెండెకరాలు సొంతం, ఎకరంన్నర కౌలు. కులాలు వేరు, మతం వేరు. మొదట్లో ఎవరి టిఫిన్ డబ్బా వాళ్ళు అటు తిరిగి తినేవాళ్ళం. ఒక మంగళవారం డాక్టరు మూడు దాకా రాలేదు. నా డబ్బా ఖాళీ. చిన్నోడి వాళ్ళమ్మ బండి మీద మిగిలిన పది ఇడ్లీలు విప్పింది, పండు వాళ్ళమ్మ గోంగూర పచ్చడి తీసింది. పిల్లలందరికీ ఒకే గిన్నెలో పిసికి, ఒకే స్పూన్‌తో వరసగా పెట్టుకొచ్చింది. పిల్లల ఎంగిళ్ళు కలిశాక పెద్దవాళ్ళ పట్టింపులు ఏం నిలబడతాయి?

ఆ వరండాలో నేను నేర్చుకున్నవి ఏ పుస్తకంలోనూ ఎవరూ చెప్పలేదు. డాక్టర్లు మంచివాళ్ళే ఉంటారు, కానీ వాళ్ళకు మన పిల్ల దగ్గర పది నిమిషాలు ఉంటది. తల్లికి రోజంతా ఉంటది.

అన్నం పెట్టే సంగతి చెప్తా. బుజ్జిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి పెట్టేదాన్ని, అందరూ అట్లాగే పెడతారు. నెలకోసారి దగ్గు, జ్వరం, ఆయాసం. చిట్టి వాళ్ళమ్మ చూసి, అట్లా పడుకోబెడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోద్దని, నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కొంచెం కిందికి ఉంచి పెట్టాలని, పెట్టాక కూడా అరగంట దాకా పడుకోబెట్టకూడదని చెప్పింది. ఆమెకు గుంటూరులో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిందంట. మరి కూర్చోలేని పిల్లను ఎట్లా కూర్చోబెట్టాలి? పండు వాళ్ళాయన మినీ లారీ తోలతాడు. పాత టైరు ఒకటి తెచ్చాడు. దానికి పాత చీరలు చుట్టి, మధ్యలో కూర్చోబెడితే చుట్టూ ఆనిక ఉంటది, పక్కకు ఒరగదు. మొదటిసారి బుజ్జి పడుకుని ఆకాశం చూడకుండా, కూర్చుని మా మొహాలు చూసింది. ఆ టైరు తర్వాత నాలుగిళ్ళు తిరిగింది.

ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఉంది. వాటి వల్ల ఏం ఒరగదు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో స్పూన్లు, గుడ్డలు కుక్కకూడదు, గడియారం చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫిట్స్ రావట్లేదు కదా అని మందు మన ఇష్టానికి ఆపకూడదు. ఈ మాట చిన్నోడి వాళ్ళమ్మ చెప్పేది. ఎవరో బంధువు మాట విని ఆపితే వాళ్ళ చిన్నోడు రెండు రోజులు తెలివి లేకుండా పడున్నాడు. ఆమె అది చెప్పేటప్పుడు మేం ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. ఆ మంగళవారం నుంచి మా ఎవరింట్లోనూ మందు సీసా ఖాళీ అవలేదు. ఎవరు గుంటూరు పోయినా అయిదుగురి చీటీలు పట్టుకుపోయేవాళ్ళు.

ఇక ఆడపిల్లల తల్లులకు ఒక మాట. మగవాళ్ళు కూడా చదవండి, తప్పేం లేదు.

బుజ్జి పదమూడో ఏట పెద్దమనిషి అయ్యింది. ఊళ్ళో ఎవరూ సంతోషపడలేదు. "గర్భసంచి తీయించెయ్, నీకు పీడా పోద్ది, రేపు ఏదైనా జరగరానిది జరిగితే?" అని చెప్పినవాళ్ళు ఇరవై మంది. చదువుకున్నవాళ్ళు కూడా. ఒక డాక్టరమ్మ కూడా అదే మాట అన్నది. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉందని మీకు తెలిసే ఉంటది, అంత తేలికైపోయింది మనకు ఆ మాట. మా ఆయన కూడా సగం మెత్తబడ్డాడు. డబ్బులు కూడా చూస్తున్నాం.

మంగళవారం ఆ మాట తీశాను. మున్నా వాళ్ళమ్మకు ఇరవై ఎనిమిదేళ్ళకే ఆ ఆపరేషన్ అయ్యింది. ఆమె మిషను తొక్కే కాళ్ళు చూపించింది, నడుము చూపించింది. "నాకు బుర్ర తెలుసు, నొప్పి చెప్పుకోగలను అక్కా. అదేం చెప్పుకుంటది?" అన్నది. తర్వాత కాసేపాగి, "గర్భసంచి తీస్తే నెలసరి ఆగుద్ది గానీ, చెడ్డోడి చెయ్యి ఆగదు కదక్కా. పైగా ఏం జరిగినా బయటపడదు" అన్నది. ఆ రెండో మాటకు నాకు ఒళ్ళు జలదరించింది. అంతవరకూ ఆ ఆపరేషన్ బుజ్జికి కాపలా అనుకున్నాను. అది కాపలా కాదు.

ఆపరేషన్ మాట అక్కడితో ఆగిపోయింది. వారం తిరక్కుండా మున్నా వాళ్ళమ్మ మెత్తటి పాత నూలు చీరలతో పాడ్లు కుట్టి, పక్కలకు తాళ్ళు కట్టుకునే లాగులు ఆరు కుట్టి తెచ్చింది. పడుకున్న పిల్లకు పైకి లాగి ఎక్కించే పని లేకుండా పక్కల విప్పి మార్చొచ్చు. డబ్బులు ఇవ్వబోతే తిట్టింది. క్యాలెండర్ మీద చుక్క పెట్టడం, మూడు రోజుల ముందు నుంచి బుజ్జి చిరాకు పడితే కారణం గుర్తుపట్టడం, అంతా అలవాటైంది. ఇప్పటికి పన్నెండేళ్ళు దాటింది. నాకు అది పెద్ద పనే కాదు ఇప్పుడు. బుజ్జి దగ్గర ఇంటి మనిషి లేకుండా ఒక్క గంట కూడా ఉంచకపోవడం, అదీ అసలు కాపలా. దానికే మనుషులు కావాలి.

మనుషులు అంటే గుర్తొచ్చింది. మన పొలాల్లో నాట్లకు, కలుపులకు ఒకరికొకరు బదులు పోతాం గదా, నువ్వు నా చేలోకి ఒకరోజు వస్తే నేను నీ చేలోకి ఒకరోజు. మేం పిల్లల్ని చూసుకోవడంలో అదే లెక్క పెట్టుకున్నాం. మిరప కోతలప్పుడు జనవరి నుంచి మార్చి దాకా నేను కల్లం వదిలి రాలేను. ముఠా వచ్చిన రోజున బుజ్జిని మున్నా వాళ్ళింట్లో దించేసేదాన్ని. మిషను పక్కనే చాప, చాప మీద ఇద్దరూ. దానికి బదులు రంజాన్ ముందు ఆమెకు కుట్టుపని ఊపిరాడదు, అప్పుడు మున్నా మా ఇంట్లో. రోజుకు రోజు. సాయం అని ఎవరూ అనుకోలేదు, అందుకే ఇన్నేళ్ళు నడిచింది. సాయం తీసుకునేవాడికి ఎప్పుడూ తల కొంచెం వంగే ఉంటది. బదులుకు ఆ బాధ లేదు.

అయితే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుద్ది కదా. అప్పట్లో వానాకాలంలో వచ్చేది, ఏ గొడవా లేదు. జరిగి జరిగి ఇప్పుడు సరిగ్గా మా కోతల్లోకి వచ్చి కూర్చుంది. ఇద్దరికీ ఒకేసారి పని. అందుకని ఈ మూడేళ్ళుగా ఆ నెల చిట్టి వాళ్ళమ్మ ఇద్దర్నీ చూస్తున్నది. ఆమెకు మేం దాళ్వా నాట్లప్పుడు తీరుస్తున్నాం.

అంతా పాలూ నీళ్ళలా కలిసిపోయామని మాత్రం అనుకోవద్దు. మాట పట్టింపులు బోలెడు. చిన్నోడి వాళ్ళమ్మ, చిట్టి వాళ్ళమ్మ ఒకసారి ఆరు నెలలు మాట్లాడుకోలేదు, కారణం ఒక వీల్‌చైర్. క్యాంపులో ఒకటే వచ్చింది, ఇద్దరి పిల్లలకీ కావాలి. ఇంకోటి ఉంది, అది మామూలుగా ఎవరూ బయటికి చెప్పరు. 2014లో చిట్టి నడిచింది. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళకు క్యాలిపర్స్‌తో, గోడ వదిలి నాలుగడుగులు. వరండా అంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. బుజ్జి ఎప్పటికీ నడవదని ఆ రోజే నాకు గట్టిగా తెలిసింది. తర్వాతి మంగళవారం చిట్టి వాళ్ళమ్మ రాలేదు, ఆ పై వారమూ రాలేదు. మేం బాధపడతామని మొహమాటం. పండు వాళ్ళమ్మే పోయి లాక్కొచ్చింది. "నీ పిల్ల నడిస్తే మా పిల్లలకు మంచినీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు ఒకళ్ళు ఉంటారే, రా" అన్నదంట. ఇప్పుడు చిట్టి నిజంగానే ఆ పని చేసిద్ది. డిగ్రీ రెండో ఏడు.

కాగితాల పనుల్లో మాత్రం మేం అయిదుగురం ఒక ముఠా. సదరం క్యాంపుకు ఒకే ఆటోలో. ఒకరు లైన్లో నిలబడితే నలుగురు పిల్లల దగ్గర. ఇంటర్ దాకా చదివానని ఫారాలు నింపే పని నా మీద పడింది. మొదట్లో పింఛను అయిదొందలు ఉండేది. 2014లో 80 శాతం పైన ఉన్నవాళ్ళకు పదిహేనొందలైంది, 2019లో మూడు వేలు, 2024 జూలై నుంచి ఆరు వేలు. పోయిన ఏడాది మళ్ళీ పరీక్షలు అన్నప్పుడు నిద్ర పట్టక రాత్రి పదింటికి ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. చూడగానే తెలిసే పిల్లల్ని మళ్ళీ మళ్ళీ మోసుకొచ్చి చూపించమనడం ఏం న్యాయమో, రాసినవాళ్ళకే తెలియాలి.

చాలామందికి తెలియనిది ఒకటి చెప్తా, జాగ్రత్తగా చదవండి. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాక చట్టం లెక్కలో మేజరు. సంతకం పెట్టలేని మేజరు. అప్పుడు బ్యాంకులో, ఆస్తి కాగితాల్లో తల్లిదండ్రుల సంతకం చెల్లదని తిప్పి పంపుతారు. దీనికోసమే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగు రకాలవాళ్ళకు ఇది వర్తిస్తుంది. జిల్లాలో కలెక్టరు గారు ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అర్జీ పెడితే లీగల్ గార్డియన్ కాగితం ఇస్తారు. అర్జీ తల్లిదండ్రులో బంధువులో పెట్టొచ్చు, గార్డియన్‌గా ఎవరుండాలో వాళ్ళకు నమ్మకం ఉన్న మనిషి పేరు రాయొచ్చు. రక్తసంబంధమే కానక్కర్లేదు. అదే ట్రస్టు కింద నిరామయ అని ఏడాదికి లక్ష రూపాయల ఆరోగ్య బీమా కూడా ఉంది. బుజ్జికి 2019లో పద్దెనిమిది నిండాక మేం చేయించుకున్నాం.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానంటే, ఇట్లాంటి పిల్లలున్న ప్రతి తల్లికీ ఒకటే ప్రశ్న. నా తర్వాత ఎవరు? బయటికి అడగం. మొహం కడుక్కునేటప్పుడు, పొలంలో ఒంటరిగా నీళ్ళు కట్టేటప్పుడు, అదే తిరుగుద్ది. కొందరు తల్లులు "నాకన్నా ఒక్కరోజు ముందు పోవాలి నా బిడ్డ" అని దేవుణ్ణి అడుగుతారు. వినేవాళ్ళకు దుర్మార్గంగా ఉంటది. మా వరండాలో ఆ మాట అంటే ఎవరూ చెవులు మూసుకోలేదు. అనుకోని వాళ్ళు లేరు కాబట్టి.

ఆ ప్రశ్న మా అయిదుగురిలో ముందు పండు వాళ్ళమ్మకు ఎదురొచ్చింది. 2022 చివర్లో రొమ్ములో గడ్డ కనపడింది. నొప్పి లేదని, పండును వదిలి ఎట్లా పోవాలని ఊరుకుంది. మేం తెలుసుకుని గుంటూరు తీసుకుపోయేసరికి ముదిరింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, కీమో జరిగాయి. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పండు మా నాలుగిళ్ళల్లో వంతులవారీగా ఉన్నాడు. ఇరవై దాటిన మగపిల్లాడు, యాభై కిలోలు. మా ఆయన స్నానం చేయించేవాడు, చిన్నోడి వాళ్ళ నాన్న గడ్డం గీసేవాడు. తండ్రుల గురించి నేను ఇందాకటి నుంచి ఏం రాయలేదు, వాళ్ళకు ఇట్లాంటి వరండా లేదు పాపం. పండు మోసినప్పుడే వాళ్ళు నలుగురూ మొదటిసారి ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడుకున్నారు.

అయినా పండు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. రాత్రిళ్ళు అరిచేవాడు. మాకు వాణ్ణి పన్నెండేళ్ళుగా తెలుసు, అయినా వాడి సంగతులు ఎన్నో మాకు తెలియవని అప్పుడు అర్థమైంది. వాడు మాట్లాడలేడు. వాడి భాష తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె ఆసుపత్రిలో ఉంది.

కీమో మధ్యలో ఇంటికొచ్చినప్పుడు పండు వాళ్ళమ్మ నన్ను పిలిపించింది. "బుజ్జి వాళ్ళమ్మా, నాకు రాయడం రాదు. నేను చెప్తా, రాయి" అన్నది. లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కుపోయాను. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని రాశాం. ఎడమ పక్కకు తిరిగితేనే నిద్రపోతాడు. మిక్సీ చప్పుడుకు భయం, ముందు చెప్పి వెయ్యాలి. "మ్మ్" అని రెండుసార్లు అంటే నీళ్ళు, ఒక్కసారి సాగదీస్తే ఉచ్చ. కుడి చెవి వెనక గోకితే నవ్వుతాడు. ఫిట్స్ మందు పొద్దున ఎన్ని చుక్కలు, రాత్రి ఎన్ని. పెసరపప్పు పడదు. నాన్న లారీ హారన్ దూరం నుంచే గుర్తుపడతాడు, అప్పుడు అన్నం ఆపాలి, లేకపోతే ఉత్సాహంలో పొలమారుద్ది. వాడికి కోపం వస్తే పేరు పెట్టి పిలవకూడదు, పక్కన ఊరికే కూర్చోవాలి. నలభై పేజీలు వచ్చింది. ఎక్కడా ఆమె ఏడవలేదు. రాసే నేనే మధ్యలో లేచి బయటికి పోయి మంచినీళ్ళు తాగొచ్చాను. ఆఖర్లో, "నా ఫోటో వాడి మంచం కాడ పెట్టొద్దు, వెతుక్కుంటాడు. కొన్నాళ్ళు పోయాక పెట్టండి" అని రాయించింది.

2024లో దసరా వెళ్ళాక పోయింది.

పండు ఇప్పుడు వాళ్ళ అక్క దగ్గర ఉన్నాడు. పెళ్ళయిన పిల్ల, అత్తగారిల్లు అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. గార్డియన్ కాగితం ఆమె పేరున చేయించాం, అర్జీ వాళ్ళ నాన్న పెట్టాడు. ఆ అత్తగారు మొదట ఒప్పుకోలేదు, ఆమెదీ తప్పు అనను, ఎవరికైనా బరువే. మేం నలుగురం పోయి కూర్చున్నాం. నెలకు ఆరు రోజులు పండును మేం చూసుకుంటామని మాటిచ్చాం. ఆ పుస్తకం ఆమె చేతిలో పెట్టాం. రెండు నెలల తర్వాత ఆ అత్తగారే ఫోన్ చేసి, "పుస్తకంలో పెసరపప్పు పడదని రాశారు గానీ, పెసరట్టు తింటున్నాడు, రాసుకోండి" అన్నది. రాశాం.

ఆ తర్వాత మేం నలుగురం మా పిల్లల పుస్తకాలు రాసుకున్నాం. బుజ్జిది అరవై పేజీలు దాటింది, ఇంకా అవుతానే ఉంది. ఒక్కో పుస్తకం రెండు కాపీలు, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకో తల్లి దగ్గర. బుజ్జిది మున్నా వాళ్ళమ్మ దగ్గర ఉంది. మున్నాది మా బీరువాలో. బుజ్జి తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం, "అక్కను నేను చూసుకుంటా" అంటాడు. అనడం నిజమే. రేపు వచ్చే కోడలు ఏమంటదో ఇప్పుడు మనం చెప్పలేం. అందుకని ఏటా కనుమ నాడు అయిదిళ్ళ మిగతా పిల్లలు కూడా మా ఇంట్లో కలవాలని పెట్టుకున్నాం. అన్నలు, చెల్లెళ్ళు, అల్లుళ్ళు. మొన్న కనుమకు పద్దెనిమిది మంది వచ్చారు. వాళ్ళు వాళ్ళే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, మమ్మల్ని చేర్చుకోలేదు. అది నాకు నచ్చింది.

ఇక మెసేజ్ పెట్టిన చెల్లెలికి. బాబుకు మూడేళ్ళే కదా, నీకు మాకన్నా ఏడేళ్ళ ముందే దారి తెలిసింది. మీ మండల కేంద్రంలో భవిత సెంటర్ ఎక్కడుందో మండల విద్యాశాఖ ఆఫీసులో అడుగు. అక్కడి టీచర్‌ను పట్టుకుని, ఇంకా ఏ ఊళ్ళో ఇట్లాంటి పిల్లలున్నారో కనుక్కో. ఇంటికే వచ్చి చూసే పిల్లల లిస్టు కూడా వాళ్ళ దగ్గర ఉంటది. ఫిజియోథెరపీ ఏ వారమో తెలుసుకుని ఆ రోజు డబ్బాలో కూర కొంచెం ఎక్కువ పెట్టుకుని పో. అక్కడ ఎవరినీ "మీ బాబుకు ఏమైంది" అని అడగొద్దు, దొడ్డికి సరిగ్గా పోతున్నాడా అని అడుగు. మాట అదే కలుస్తుంది. బాబును పడుకోబెట్టి అన్నం పెడుతుంటే ఈ రాత్రి నుంచే ఆపు. టైరు దొరక్కపోతే నాకు చెప్పు, మా పాతది ఇంకా ఉంది, చీరలు మార్చి పంపిస్తా.

తామర పురుగు రెండో భాగం వచ్చే వారం తప్పకుండా రాస్తాను. రేపు మా వంతు, పండు వస్తున్నాడు. మిక్సీ పనులన్నీ ఈ రాత్రే చేసుకోవాలి.